గండికోట దారి ఆటలోకి ఎక్కాలంటే?

పిల్లలూ! జమ్మలమడుగు నుంచి గండికోటకు ఎప్పుడైనా వెళ్ళారా? సుమారు పదిహేను కిలోమీటర్ల దారి. ఊరు దాటగానే నల్లరేగడి చేలు, తర్వాత ఎర్రమల కొండలు, ఎక్కుడు, మలుపులు. ఆఖరున కోట. కోట వెనక్కి వెళ్ళి చూస్తే కాళ్ళ ముందే నేల తెగిపోయినట్లుంటుంది. ఎక్కడో అడుగున పెన్నేరు. ఎర్రని రాతి పొరల్ని యుగాల తరబడి కోసుకుంటూ పోయి ఆ నది చేసుకున్న దారి అది.

కంప్యూటరు మీద కార్ల పందెం ఆట ఆడే పిల్లలు ఆ దారిన వెళ్ళినప్పుడు తప్పకుండా ఒక మాట అనుకుంటారు: "ఈ దారి మన ఆటలో ఉంటే ఎంత బాగుండును!" ప్రొద్దుటూరులో కూర్చున్న కుర్రవాడు తెర మీద జపాను కొండల పక్కన కారు తోలగలడు. జర్మనీ అడవుల్లో తోలగలడు. తన ఊరికి ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గండికోట కొండ మీద మాత్రం తోలలేడు! ఆట తయారుచేసేవారికి మన దారి మీద కోపమేమీ లేదు. ఒక దారిని ఆటలోకి ఎక్కించడం మనం అనుకున్నంత సులువు కాదు, అంతే. బొమ్మ గీస్తే సరిపోదు. దారిని కొలవాలి. ఎంత సన్నంగా కొలవాలో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

నిజంగా ఉన్న పందెపు బాటను మొదటిసారి ఆటలోకి తెచ్చిన ఘనత జపాను వారిది. 1982లో నామ్‌కో అనే సంస్థ "పోల్ పొజిషన్" అనే ఆటను విడుదల చేసింది. నాణెం వేసి ఆడే బీరువా అంత యంత్రం అది. అందులోని బాట ఫూజీ పర్వతం దగ్గర నిజంగా ఉన్న ఫూజీ స్పీడ్‌వే. అయితే అప్పటి కంప్యూటర్ల శక్తి తక్కువ. అందుచేత మలుపుల పోలిక వరకే అసలుది, దారి మాత్రం బల్లపరుపుగా చాప పరిచినట్లుండేది. ఎత్తుపల్లాలు, గతుకులు ఏమీ లేవు. అయినా ఆ రోజుల్లో జనం విరగబడి ఆడారు.

మన దేశపు బాట సంగతి ఇంకా చిత్రం. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో అయిదు కిలోమీటర్లకు పైగా పొడవున్న బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ ఉంది. అక్కడ తొలి ఫార్ములా వన్ పందెం 2011 అక్టోబరు 30న జరిగింది. ఆ బాట ఉన్న "ఎఫ్ వన్ 2011" అనే ఆట మాత్రం సెప్టెంబరులోనే అంగళ్ళకు వచ్చేసింది! అంటే అసలు పందెగాళ్ళకంటే ముందే ఇళ్ళలో కూర్చున్న పిల్లలు ఆ బాట మీద పందెం వేశారన్నమాట. 2013 తర్వాత అక్కడ ఫార్ములా వన్ పందెం జరగలేదు. ఆట ఉన్నవారి ఇళ్ళలో మాత్రం ఆ పందెం ఆగలేదు.

మన తెలుగు నేల మీద కూడా ఒక బాట వెలిసింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడిచే కార్ల ప్రపంచ పోటీ, అంటే ఫార్ములా ఈ పందెం జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదలు. లుంబినీ పార్కు, కొత్త సచివాలయం, ఎన్.టి.ఆర్. మార్గం చుట్టూ మామూలు రోడ్లకే అడ్డుగోడలు కట్టి 2.83 కిలోమీటర్ల బాట చేశారు. పద్దెనిమిది మలుపులు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది మళ్ళీ జరగవలసిన పందెం రద్దయింది. గోడలు తీసేశారు, సిటీ బస్సులు యథాప్రకారం తిరిగాయి. రోడ్లు మిగిలాయి గాని బాట పోయింది! హైదరాబాదు బాట ఆటల్లో ఉండాలని అభిమానులు కోరడంలో అర్థం ఇక్కడే ఉంది. ఇనుప కంచెలు విప్పేసిన తర్వాత ఆ బాట మీద నడిచే మార్గం ఇక ఆట ఒక్కటే.

దారులు మాయం కావడం మన జిల్లాకు కొత్త కాదు. గండికోట జలాశయంలో నీళ్ళు నింపినప్పుడు కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ముంపులో పోయాయి. ఊళ్ళతో పాటు వాటి వీధులు, బడికి వెళ్ళే బాటలు, బండ్లు తిరిగే డొంకలు కూడా పోయాయి. వాటిని ముందుగా ఎవరైనా అంగుళం అంగుళం కొలిచి దాచి ఉంటే, ఈనాడు ఆ ఊరి పిల్లలు తెర మీదయినా తమ వీధిలో నడిచి ఉండేవారు. కాబట్టి కొలత అనేది ఆటకోసమే కాదని గుర్తుంచుకుని ముందుకు పోదాం.

మలుపులో ఏం జరుగుతుంది?

దారిని కొలిచే ముందు, కారుకూ దారికీ మధ్య జరిగే బేరం ఏమిటో తెలుసుకోవాలి.

తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు మీరు చూసే ఉంటారు. ఒంగోలు జాతి ఎద్దుల జత పెద్ద బండను ఈడ్చుకుంటూ తిన్నని బాట మీద అటూ ఇటూ పోతుంది. ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగినవాటికి బహుమతి. అక్కడ ఎద్దుల శత్రువు ఎవరు? బండకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణ. కాని ఇంకో ఘర్షణ కూడా ఉంది, చూశారా? ఎద్దు గిట్టలకూ నేలకూ మధ్య ఉన్నది. అది లేకపోతే ఎద్దులు జారి పడతాయి, బండ కదలదు. ఒకే నేల మీద ఒక ఘర్షణ పగ, ఒక ఘర్షణ నేస్తం!

కారు చక్రానికి రోడ్డుకూ మధ్య ఉన్నది రెండో రకం. కదిలే వస్తువు తన మానాన తాను తిన్నగా పోవాలని చూస్తుంది. దాన్ని మలుపు తిప్పాలంటే మలుపు లోపలి వైపుకు ఎవరో ఒకరు లాగుతూ ఉండాలి. తాడు కట్టి రాయిని గిరగిర తిప్పేటప్పుడు ఆ లాగే పని తాడుది. కారుకు తాడెక్కడిది? టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణే దాని తాడు. ఈ లోపలికి లాగే బలాన్ని అభికేంద్ర బలం అంటారు. తాడు ఎంత గట్టిదైనా ఒక హద్దు దాటితే తెగుతుంది కదా! ఘర్షణకూ అలాంటి హద్దుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, పలక మీద చేసేదే. ఆరిన తారురోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం సుమారు 0.8. గురుత్వ త్వరణం 9.8. ఈ రెంటినీ గుణించి, మలుపు వ్యాసార్ధాన్ని మీటర్లలో తీసుకుని దానితోనూ గుణించండి. వచ్చిన దానికి వర్గమూలం కడితే ఆ మలుపులో జారకుండా పోగలిగే గరిష్ఠ వేగం, సెకనుకు ఇన్ని మీటర్లని వస్తుంది. 100 మీటర్ల వ్యాసార్ధమున్న విశాలమైన మలుపుకు 28 వస్తుంది. అంటే గంటకు దాదాపు 100 కిలోమీటర్లు. 25 మీటర్ల ఇరుకు మలుపుకు 14 మాత్రమే, అంటే గంటకు 50 కిలోమీటర్లు. వ్యాసార్ధం నాలుగో వంతయితే వేగం సగమయింది. కారు బరువు ఈ లెక్కలో ఎక్కడా రాలేదు, గమనించారా? బరువు పెరిగితే లాగవలసిన బలం పెరుగుతుంది, ఘర్షణ కూడా అంతే పెరుగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు.

పందెగాడు ఇక్కడొక యుక్తి పన్నుతాడు. ఎనిమిది మీటర్ల వెడల్పున్న రోడ్డు సమకోణంలో తిరుగుతున్నదనుకోండి. లోపలి అంచు వ్యాసార్ధం 20 మీటర్లు, వెలుపలి అంచుది 28. రోడ్డు మధ్యగా పోతే వ్యాసార్ధం 24. పందెగాడు మధ్యగా పోడు. వెలుపలి అంచున మొదలుపెట్టి, మలుపు నడిమికి లోపలి అంచును రాసుకుంటూ పోయి, మళ్ళీ వెలుపలి అంచుకు తేలతాడు. అలా గీసిన చాపం వ్యాసార్ధం లెక్క కడితే 47 మీటర్లు దాటుతుంది! దాదాపు రెట్టింపు. వేగం సుమారు 1.4 రెట్లు పెరుగుతుంది. రోడ్డు అదే, కారు అదే. తోవ మాత్రం వేరు.

ఈ యుక్తి మూసిన బాట మీదే చెల్లుతుంది. జమ్మలమడుగు దారి మీద ఎవరైనా ఇలా తోలితే ఏమవుతుంది? రోడ్డు వెడల్పంతా వాడుకోవడమంటే ఎదుటి నుంచి వచ్చేవాడి భాగంలోకి పోవడమే. మలుపు అవతల గొర్రెల మంద ఉందో, లారీ ఉందో కనబడదు. ఆపుదామన్నా వెంటనే ఆగదు. బ్రేకు నొక్కాక ఇదే ఘర్షణతో గంటకు 72 కిలోమీటర్ల వేగాన పోయే కారు ఆగడానికి పాతిక మీటర్లు కావాలి. 144 కిలోమీటర్ల వేగానికి కావలసింది యాభై కాదు, నూరు మీటర్ల పైమాట! కాలు బ్రేకు మీదికి పోయేలోపల దొర్లే దూరం అదనం. పందెపు బాటకు గెలుపు తెచ్చే తోవే మామూలు రోడ్డుకు చావు తెచ్చే తోవ. కొండదారిలో ఆ సరదా తీర్చుకోవాలనుకునేవాడికి ఆటకు మించిన చోటు లేదు.

ఆకాశం నుంచి కొలిస్తే?

సరే, గండికోట దారిని కొలుద్దాం. మొదట చవకైన పద్ధతి చూద్దాం.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. 2005లో మన శ్రీహరికోట నుంచి పైకెళ్ళిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కెమెరాలతో నేలను చూసింది. రెండెందుకు? బొటనవేలిని ముక్కు ముందు పెట్టుకుని ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు గెంతినట్లుంటుంది. దగ్గరి వస్తువు ఎక్కువ గెంతుతుంది, దూరపుది తక్కువ. ఆ గెంతును బట్టి దూరం కట్టవచ్చు. కొండ శిఖరం ఉపగ్రహానికి దగ్గర, లోయ అడుగు దూరం. అంతే సూత్రం.

ఇలా తయారైన పటాల్లో నేలను సుమారు 30 మీటర్ల గళ్ళుగా విడగొడతారు. ఒక్కో గడికి ఒక్కో ఎత్తు. కొండల ఆకారం చూపడానికి ఇది భేషుగ్గా ఉంటుంది. కాని దారి వెడల్పు ఏడు మీటర్లనుకుంటే, 30 మీటర్ల గడిలో దారి, దాని పక్క గుంట, గుంట పక్క బండరాయి అన్నీ కలిసి ఒకే అంకె అయిపోతాయి. గండికోట దగ్గర ఇంకా అన్యాయం జరుగుతుంది. గడి ఒక కొస కొండకొమ్మున, రెండో కొస లోయలో పడితే నిలువు గోడ కాస్తా వాలు గట్టయిపోతుంది. గోడలా నిలబడ్డ ఆ రాయి కోసమే కదా దేశదేశాల వాళ్ళు గండికోటకు వచ్చేది!

కాంతితో కొలిస్తే?

అందుకని మంచి ఆటలు చేసేవారు లేజర్ యంత్రాన్ని తీసుకుని బాట దగ్గరికే పోతారు. యంత్రం నుంచి వెలుగు తళుక్కుమని పోయి, నేలనో గోడనో తాకి వెనక్కి వస్తుంది. పోయి వచ్చిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నూతిలో రాయి వేసి చప్పుడు ఎంతసేపటికి వినబడిందో చూసి లోతు చెప్పినట్లే. కాని కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. పదిహేను మీటర్ల దూరాన ఉన్న గోడను తాకి రావడానికి దానికి పట్టేది సెకనులో కోటవ వంతు! ఇక ఒక సెంటీమీటరు తేడాను పసికట్టాలంటే సెకనును పదిహేను వందల కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని గుర్తించగల గడియారం కావాలి. అలాంటి గడియారాలు నేడు పెట్టెలో పట్టేంత చిన్నవిగా వస్తున్నాయి.

పదిహేను కిలోమీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. సెంటీమీటరుకొక చుక్క చొప్పున కొలిస్తే ఎన్ని చుక్కలు? చదరపు మీటరుకు పదివేలు. మొత్తం నూట అయిదు కోట్లు! ఇది ఉత్త రోడ్డుకే. కొండలు, చెట్లు, కోటగోడ ఇంకా లెక్కకు రాలేదు. ఇన్ని చుక్కల్ని ఆట ఆడేటప్పుడు మోయడం ఏ ఇంటి కంప్యూటరుకూ తేలిక కాదు. కాబట్టి వాటిని త్రిభుజాలుగా కూర్చుతారు.

ఇది ఎలా ఉంటుందో మీకు తెలియాలంటే ఇంట్లో నేలను చూడండి. మన వైపు కడప బండలు పరుస్తారు కదా! నడిగదిలో చదునుగా ఉన్నచోట పెద్ద పెద్ద బండలు వేస్తారు. తూము దగ్గర, మెట్టు మూల దగ్గర చిన్న ముక్కలు కోసి అమరుస్తారు. ఆట చేసేవారిదీ ఇదే పనితనం. చదునైన చోట పెద్ద త్రిభుజం ఒకటి చాలు. గతుకు దగ్గర, వంతెన అతుకు దగ్గర వందల కొద్దీ చిన్న త్రిభుజాలు కావాలి. ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయరాదో తెలియడమే అసలు విద్య.

గతుకెందుకంత ముఖ్యం అంటారా? గతుకు మీద కారు క్షణకాలం పైకి లేస్తే రోడ్డును టైరు నొక్కే బలం తగ్గిపోతుంది. నొక్కుడు తగ్గితే ఘర్షణ తగ్గుతుంది. ఇందాకటి తాడు సన్నబడిందన్నమాట. అది మలుపు మధ్యలో జరిగితే కారు బాట దిగిపోతుంది. అసలు బాటలో ఫలానా మలుపు దగ్గర కారు ఎందుకు కుదుపుతుందో పందెగాళ్ళకు కంఠతా ఉంటుంది. ఆటలో ఆ కుదుపు లేకపోతే వాళ్ళు వెంటనే "ఇది మా బాట కాదు" అంటారు.

ఇక్కడ కాలంతో కూడా ఒక చిక్కుంది. తెర మీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుందనుకోండి. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య 67 సెంటీమీటర్లు దూకుతుంది. దారిలో 30 సెంటీమీటర్ల గతుకుంటే, కారు దాన్ని తాకకుండానే దాటేసినట్లు లెక్క వస్తుంది! అందుకని బొమ్మ నెమ్మదిగా మారినా, లోపల లెక్క మాత్రం సెకనుకు కొన్ని వందలసార్లు జరగాలి. 360 సార్లు కడితే ఒక్కో అడుగు 11 సెంటీమీటర్లే. గతుకు తప్పించుకోలేదు.

శనగలు ఆరబోస్తే?

ఆకారం వచ్చింది, ఎత్తు వచ్చింది, గతుకు వచ్చింది. ఇక నేల స్వభావం. తారు ఒక రకం, కంకర ఒక రకం, అంచున పేరుకున్న ఎర్రదుమ్ము ఇంకో రకం. ప్రతి త్రిభుజానికీ దాని ఘర్షణ గుణకం రాసి పెట్టాలి. వాన పడితే 0.8 కాస్తా 0.4కు దిగవచ్చు. యాభై మీటర్ల మలుపులో ఆరిన రోడ్డు మీద గంటకు 71 కిలోమీటర్ల వేగం చెల్లితే తడి రోడ్డు మీద 50 మాత్రమే చెల్లుతుంది.

విదేశీ ఆటలవారికి తెలియని సంగతి ఒకటి మన దగ్గరుంది. జమ్మలమడుగు వైపు రేగడి నేలల్లో శనగ పండుతుంది. కోతల కాలంలో రోడ్డు మీద పంట ఆరబోయడం మీరెరుగుదురు. గుండ్రని గింజలు టైరు కింద చిన్న చిన్న చక్రాల్లాగా దొర్లుతాయి. జారే ఘర్షణ పోయి దొర్లే ఘర్షణ వస్తుంది, అది చాలా తక్కువ. సైకిలు వాడు కూడా జారిపడతాడు. గండికోట బాటను ఆటగా చేసేవారెవరైనా మాఘమాసానికి ఒక రకం, శ్రావణానికి ఒక రకం చేయాలని నేనంటాను!

మన మూడు ఊళ్ళలో ఏది మంచి బాట అని మీరడిగితే, నా ఓటు గండికోట కొండకే. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా వచ్చే దారి ప్రయాణానికి హాయి. ఆటకు మాత్రం, తిన్నని దారిలో బొటనవేలు ఒక మీట మీద పెట్టి కూర్చోవడం తప్ప పని తక్కువ. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధులు మొనాకో నగరపు పందెంలాగా ఇరుకు మలుపుల బాటకు పనికివస్తాయి. కాని అక్కడ ప్రతి అంగడి ముఖాన్నీ, ప్రతి బోర్డునూ ఫోటో తీసి అతికించాలి. కొలతకంటే అలంకారానికే ఎక్కువ కాలం పడుతుంది. కొండదారిలో రాయే అలంకారం.

మీరే కొలవండి

లేజర్ లేకపోయినా మలుపు వ్యాసార్ధం మీరు కట్టగలరు. రోడ్డు మీదికి పోకండి, పటం చాలు. ఉపగ్రహం తీసిన గండికోట దారి పటాన్ని, కింద స్కేలు కనబడేటట్లు అచ్చు తీయించుకోండి. ఒక మలుపు చాపం మీద రెండు బిందువులు గుర్తించి గీతతో కలపండి. ఇది జ్యా. జ్యా మధ్య నుంచి చాపం ఎంత ఎత్తున ఉందో కొలవండి. రెంటినీ స్కేలు ప్రకారం మీటర్లలోకి మార్చండి. జ్యాను దానితోనే గుణించి, ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలపండి. అదే వ్యాసార్ధం.

ఉదాహరణకు జ్యా 40 మీటర్లు, ఎత్తు 4 మీటర్లయితే 1600ను 32తో భాగిస్తే 50, దానికి 2 కలిపితే 52 మీటర్లు. ఈ మలుపులో గరిష్ఠ వేగం గంటకు దాదాపు 73 కిలోమీటర్లు. అదే జ్యాకు ఎత్తు 8 మీటర్లయితే వ్యాసార్ధం 29కి పడిపోతుంది, వేగం 54కు. వరసగా పది మలుపులకు ఇలా కట్టి, పుస్తకంలో పట్టికగా రాసుకోండి. ఏ మలుపు ముందు ఎంత దూరం నుంచి బ్రేకు నొక్కాలో మీ స్నేహితుణ్ణి అడగండి. ఇందాక చెప్పిన ఆగే దూరాల లెక్క అతనికి తెలియకపోతే ఈ వ్యాసం చూపించండి.